బర్రె తిన్న బాలామృతం

మా బర్రె ఆరోగ్యం చాలా బాగుంది. అది ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇప్పుడు ఊళ్లో నాకు ఎదురైన ప్రతి మనిషీ మొదట దాన్నే అడుగుతున్నారు. నూనె రాసినట్టు వీపు మెరుస్తుంది. తోక విసిరితే ఈగలు కాదు, మనుషులు పక్కకు జరుగుతారు. నా బిడ్డకని అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం పిండిని ఆరు నెలలపాటు తిన్నది అదే మరి. మెరవకపోతే దానికే నామోషీ.

ఆ ఆరు నెలల్లో నా బిడ్డ సిరి ఒంట్లో రక్తం తరిగిపోయి, ఏడాదిన్నర వయసులో దవాఖాన మంచం ఎక్కింది. ఇప్పుడు లేచి తిరుగుతోంది. తిరుగుతోంది కాబట్టే కూర్చుని రాయగలుగుతున్నాను. లేకపోతే ఎవరినైనా కొట్టడానికి లేచేదాన్ని. వరుసలో మొదట నన్నే కొట్టుకోవాల్సి వచ్చేది.

ఎవరినీ ఓదార్చడానికి రాయడం లేదు. నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ల మాటలు విన్నాక ఆ పని మీదే అసహ్యం పుట్టింది. పిల్ల పిండిని గొడ్ల కుడితిలో కలుపుతున్న ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. నాకు పేర్లతో సహా తెలుసు. వాళ్లు చదవాలి. చదవడం రాకపోతే నేనే ఇంటికి వెళ్లి వినిపిస్తాను, అది ఇంకా కష్టంగా ఉంటుంది వాళ్లకు.

జనవరి నుంచి మార్చి: చేతులు

మా ఊరు కురవికి దగ్గర. ఇంట్లో ఐదుగురం: మా అత్త లచ్చమ్మ, మా ఆయన శ్రీను, నేను, సిరి, బర్రె. ఏదైనా పెద్ద సంగతి తేల్చాల్సి వస్తే అత్తదీ బర్రెదీ ఒకే మాట. శ్రీను ట్రాక్టర్ డ్రైవర్. ఆ మోతలో పొద్దంతా కూర్చుని కూర్చుని, ఇంట్లో కూడా మాటలు వినపడనట్టే ఉంటాడు. నేను ఏడో తరగతిలో బడి మానేసి కూలికి వెళ్లడం మొదలుపెట్టాను. చదువు రాలేదు గానీ నోరు వచ్చింది. మిరప చేలో నేనుంటే పని తొందరగా సాగుతుందని అందరూ అంటారు. నవ్వుతూ ఏరితే మధ్యాహ్నం దాకా నడుం నొప్పి తెలియదు.

మిరప ఏరడం తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. పండుకాయ తుంచుతూ ఉంటే ఆ ఘాటు గోళ్ల సందుల్లోకి, చేతి గీతల్లోకి దిగిపోతుంది. సబ్బుతో కడిగినా పోదు. పుల్లటి మజ్జిగతో రుద్దినా పూర్తిగా పోదు. కొబ్బరినూనె రాస్తే కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఆ చేత్తో కళ్లు తుడుచుకోలేము, ముక్కు చీదలేము. ఏరే రోజులన్నీ ఆడవాళ్లం మా చేతుల్ని మా ఒంటికే దూరంగా పట్టుకుని నడుస్తాం.

సిరికి అప్పుడు పదకొండు నెలలు. మొదటి రోజు ఏరి వచ్చి, రెండుసార్లు కడుక్కుని, పప్పన్నం మెత్తగా పిసికి ముద్ద పెట్టాను. పిల్ల ఒక్క క్షణం ఆగి, ఊపిరి అందనంతగా ఏడ్చింది. పెదవులు ఎర్రగా ఉబ్బాయి. అత్త వచ్చి పిల్లను గుంజుకుంది.

"నీ చేతులల్ల నిప్పులున్నయే. పొల్లను ముట్టకు."

"మరి బువ్వ ఎవలు వెట్టాలె అత్తమ్మా?"

"బువ్వ లేకుంటే పాలు లేవా? ఇంటి ముంగట బర్రెను కట్టుకొని బువ్వకు ఏడుస్తవేంది?"

అత్తకు చూపు సరిగా ఆనదు. ముద్ద గొంతుకు అడ్డం పడితే తనకు తెలియదని భయం. సీసా అయితే ఆ భయం లేదు. పొద్దున ఒక సీసా, పిల్ల కళ్లు నలిపితే ఒక సీసా, ఏడిస్తే ఒకటి, ఏడవకపోతే ఎందుకు ఏడవడం లేదా అని ఇంకొకటి. నేను సాయంత్రం వచ్చేసరికి పిల్ల కడుపు కుండలా ఉండేది. ముద్ద చూపిస్తే మొహం తిప్పుకునేది. నాకు ఆ మాట విన్నట్టే ఉండేది: అమ్మ చేయి అంటే మంట.

ఇక పిండి సంగతి. నెలనెలా వచ్చే బాలామృతాన్ని అత్త మొదటిసారి జావలా కలిపి తాగించబోయింది. అప్పటికే పాలతో నిండి ఉన్న పిల్ల ఉమ్మేసింది. రెండో నెల నేను చేను నుంచి వచ్చేసరికి అత్త ఆ ప్యాకెట్ చింపి కుడితి తొట్టిలో ఒంపుతోంది.

"గదేంది అత్తమ్మా, పొల్ల పిండి గదా?"

"పొల్లకు వెడితే ఊంచుతది. బర్రెకు వెడితే పాలయితది. పాలు పొల్లకే పోతయి. ఇగ పిండి యాడికి వోయినట్టు?"

నేను ఆ లెక్కను మెచ్చుకున్నాను. అత్త మీద నెట్టేసి తప్పించుకోవచ్చు గానీ, నిజం అది. బడిలో లెక్కల సారు ఇంత తేటగా చెప్పి ఉంటే నేను పదో తరగతి దాకా వెళ్లేదాన్ని. మర్నాడు చేలో ఆ లెక్కను నేనే అందరికీ చెప్పాను. ఇద్దరు ముగ్గురు ఇళ్లకు వెళ్లి అమలు కూడా చేశారు. పిండితోపాటు ఇచ్చే గుడ్ల సంగతి ఇంకా సులువు. పిల్ల తినదు కాబట్టి శ్రీనూ నేనూ తినేవాళ్లం.

నెలకోసారి అంగన్‌వాడీలో తల్లుల మీటింగు పెడతారు. సుగుణ టీచర్ గోడకు ఒక బొమ్మ తగిలించేది. మా మండలంలో ఎవరికీ ఎన్నడూ పుట్టనంత బొద్దుగా, తెల్లగా ఉన్న పిల్లవాడి బొమ్మ. ఆ రోజు ఇనుము గురించి చెబుతోంది. పిల్లల తిండిలో ఇనుము తక్కువైతే రక్తం పట్టదని.

"ఇనుము తక్కువైతే మా ఆయన ట్రాక్టర్ నాకిస్త టీచరమ్మా" అన్నాను.

అందరూ నవ్వారు. టీచర్ ఓపిక పట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని ఆకుకూర, పప్పు, గుడ్డు మెత్తగా పిసికి చిన్న చిన్న ముద్దలు పెట్టాలని చెప్పింది. అప్పుడు నేను లేచి అడిగాను.

"సబ్బుతోని కడిగితే మిరప మంట పోతదా టీచరమ్మా?"

మళ్లీ అందరూ నవ్వారు. సుగుణ టీచర్ మొహం ముడుచుకుంది. "నీకు అన్ని పరాచకాలేనా రజితా? కూసో."

అందరితోపాటు నేనూ నవ్వి కూర్చున్నాను. ఆ మీటింగులో నేను అన్న మాటల్లో నిజంగా అడిగింది అదొక్కటే.

ఏప్రిల్, మే: తెలుపు

మిరప అయిపోయింది. చేతులు మళ్లీ నావయ్యాయి. కానీ సిరి అప్పటికి ముద్ద సంగతే మరిచిపోయింది. నోట్లో పెడితే నాలుకతో నెట్టేసేది. నేనూ రెండు రోజులు పోరాడి వదిలేశాను. పాలు తాగుతోంది కదా అనుకున్నాను. ఆ మాట ఎంతమంది తల్లులు అనుకుని ఉంటారో, వాళ్లందరినీ వరుసగా నిలబెట్టి అప్పటి నా బిడ్డ ఫొటో చూపించాలని ఉంది.

పిల్ల తెల్లబడటం మొదలైంది. మా ఇంట్లో అందరం నలుపే. శ్రీను అయితే ఎండలో నిలబడితే అతనెవరో, అతని నీడ ఏదో వెతుక్కోవాలి. అలాంటి ఇంట్లో పిల్ల చెంపలు మైనంలా తెల్లగా తిరిగాయి. అత్త చిన్న చెల్లెలు కొమురమ్మ, మాకు చిన్నత్త, లింగాల ఘనపూర్ నుంచి వచ్చి పిల్లను చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"మనింట్ల గింత తెల్లటి పొల్ల ఎన్నడన్న పుట్టిందా అక్కా? ఏం వెట్టినవే?"

"పాలే" అంది అత్త, ఏదో పోటీలో గెలిచినట్టు.

పిల్ల ఏడవదు. కూర్చోబెట్టిన చోట కూర్చుంటుంది. పుట్టినరోజు నాటికి గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసిన పిల్ల మళ్లీ కూలబడింది, అడుగు వేయడమే మానేసింది. ఊరంతా బుద్ధిమంతురాలు అంది. గోడ పట్టుకుంటే నడవడానికి కాదు, నాకడానికి పట్టుకునేది. మట్టి పెళ్లలు గీరి తినేది. నేను దాని మీదా జోకు వేశాను: ఈసారి సున్నం వేసే పని లేదు, పాత గోడను మా బిడ్డే తినేస్తుందని. అందరూ పడి పడి నవ్వారు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా పళ్లు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

సుగుణ టీచర్ తూకం వేయడానికి ఇంటికి వచ్చింది. పిల్ల కింది కనురెప్పను వేలితో లాగి చూసి, ఒక్కసారి నా వైపు చూసింది.

"దీనికి నెత్తురు లేదు రజితా. జల్ది దవాఖానకు తీస్కపో. పిండి పెడుతున్నవా?"

వాకిట్లో పక్కింటి ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు నన్ను దొంగలా అడిగినట్టు అనిపించింది.

"పెడుతున్నం టీచరమ్మా. నీ పిండి తిని మా బర్రె పాసయింది. తూకం వెయ్యాలంటే దాన్ని వెయ్యి, నీ రిజిస్టర్ల మంచి అంకె వస్తది."

వాళ్లు నవ్వారు. టీచర్ నవ్వలేదు. ఇనుము మందు సీసా ఒకటి గడప మీద పెట్టి, తాగించమని చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

మందు తుప్పు వాసన వస్తోందని అత్త దాన్ని పాలలో కలిపింది. నాలుగో రోజు పిల్ల నల్లగా విరేచనం చేసింది. కడుపులో ఏదో మాడిపోయిందని అత్త హడలిపోయింది. సీసాను ఇంటి వెనక పారేసింది. పారేస్తుంటే నేను చూస్తూనే ఉన్నాను. ఆపలేదు.

జులై: దవాఖాన

నాట్లు వేస్తున్నాం. మధ్యాహ్నం పొలం గట్టు మీద అత్త కనిపించింది, భుజాన పిల్ల. అత్త పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు.

"పొల్ల మెడ నిలుపుతలేదే."

సిరి పొట్ట కోడిపిల్ల పొట్టలా కొట్టుకుంటోంది. పెదవులకూ చెంపలకూ తేడా లేదు, అంతా ఒకే రంగు. బురద కాళ్లతోనే ఆటో ఎక్కి మహబూబాబాద్ వెళ్లాం. శ్రీనును దారిలో ఎక్కించుకున్నాం.

దవాఖాన వరండాలో చీటీ రాయించి బెంచీ మీద కూర్చున్నాం. మా పిలుపు వచ్చేదాకా అరగంట పట్టిందేమో. నేను ఆ అరగంటలో పిల్ల ఊపిరి తప్ప ఇంకేదీ వినలేదు. పక్కన కూర్చున్న ఒకావిడ సిరి బుగ్గ ముట్టుకుని, "ఎంత తెల్లగున్నదో, బొమ్మ తీరు" అంది. ఊరు ఊరంతా ఏ మాట అంటే పొంగిపోయామో అదే మాట. ఆవిడ చెయ్యి తీసి ఆవిడ ఒళ్లోనే పెట్టాను. అంతకంటే మర్యాద నా దగ్గర మిగల్లేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మాట తీరు చూస్తే మా వైపు కాదు. సుగుణ టీచర్ చేసినట్టే కనురెప్ప లాగి చూసింది. పిల్ల అరచేతిని తన అరచేతి పక్కన పెట్టి చూసింది.

"ఏం పెడుతున్నారు పాపకి?"

"పాలు."

"పాలు కాకుండా?"

"పాలే."

"ఏం చదువుకున్నారమ్మా మీరు?"

"ఏడు."

"ఏడు దాకా చదివారు, ఏడాది దాటిన పిల్లకి అన్నం పెట్టాలని తెలీదా?"

"బువ్వ వెట్టుడు ఎన్నో క్లాసుల చెప్తరు మేడం? నేను మధ్యలనే మానేసిన."

డాక్టరమ్మ తల దించి చీటీ మీద రాయడం మొదలుపెట్టింది. నేను గెలిచానని ఒక్క క్షణం అనిపించింది. చేతిలో పిల్ల అలాగే వేలాడుతోంది.

రక్తం పరీక్ష చేశారు. పదకొండు ఉండాల్సిన చోట ఐదు కూడా లేదన్నారు. మా ఇంట్లో అంత తక్కువ ఎవరికీ రాలేదు, లెక్కల్లో నాకు కూడా. ఆ జోకు నాలుక చివరిదాకా వచ్చి అక్కడే చచ్చిపోయింది. గుండె మీద భారం పడుతోందని, ఈరోజే రక్తం ఎక్కించాలని, ఆలస్యమైతే తాను ఏ మాటా ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. సంతకం పెట్టమంది.

అత్త కాగితానికి అడ్డం నిలబడింది.

"ఎవలదో నెత్తురు నా పొల్లకు ఎక్కిచ్చుడేంది? నాలుగు దినాలు మంచిగ పాలు తాపుదాం, అదే లేస్తది."

"నీ పాలే దీన్ని తిన్నయి అత్తమ్మా."

వరండాలో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. అత్త గొంతు పెంచింది.

"కన్నది నువ్వు, పెంచింది నేను. పొద్దంత పొల్లను సూసింది ఎవలో ఊరంతకు ఎరుకే. నోట్లె ఒక ముద్ద వెట్టరాని తల్లివి, నన్ను అంటున్నవా?"

"ముద్ద వెడితే గుంజుకున్నదెవలు?"

"నీ చేతులు కాల. మంట పుట్టిచ్చినవ్ పొల్ల నోట్లె."

అప్పుడు శ్రీను మాట్లాడాడు. ఆ రోజు మొత్తానికి అతను మాట్లాడింది అదే. "అవ్వా, ఊకో. రజితా, నువ్వు గూడ ఊకో." మా ఇద్దరి మధ్య నుంచి చెయ్యి చాపి కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. పెట్టి, పిల్లకు ఎక్కించే రక్తానికి బదులుగా తన రక్తం ఇవ్వడానికి వెళ్లాడు. ఇచ్చి వచ్చాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎవరో బిస్కెట్ ఇస్తే చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

రక్తం చుక్క చుక్క దిగుతోంది. నర్సు వచ్చి చూసి వెళుతోంది. పక్క మంచం మీద మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చిన కమిలి, జ్వరంతో ఉన్న మనవరాలిని ఒళ్లో వేసుకుని కూర్చుంది. తనవాళ్లతో ఫోన్‌లో వాళ్ల భాషలో మాట్లాడేది, నాతో తెలుగులో దెప్పేది.

"బర్రె పాల పొల్లనా?" అంది సిరిని చూసి.

"నీకెట్ల ఎరుక?"

"మా తండల ఒకటి గిట్లనే అయింది. బువ్వ ఎందుకు వెట్టవు?"

"మిరప చేతులు అక్కా. పొల్ల నోరు కాలుతది."

కమిలి తన రెండు చేతులూ నా మొహం ముందు చాపింది. గోళ్ల చుట్టూ నావి ఉన్నట్టే పగుళ్లు, అదే నలుపు. "మరి నావేంది, మల్లెపూలా? నేను చెంచతోని వెడత. చెంచకు మంట ఉంటదా?"

 మా ఇంట్లో ఏడు చెంచాలున్నాయి. పెళ్లికి ఎవరో ఇచ్చారు. గూట్లో అట్టపెట్టెలోనే ఉన్నాయి, వాటి మీది కాగితం కూడా తీయలేదు. ముద్ద అంటే చేత్తోనే పెట్టాలని మాకు ఎంత గట్టిగా తెలుసంటే, చెయ్యి కుదరకపోతే ముద్దే మానేశాం.

"మీ ఊరోళ్లు మా పిల్లలను సూసి నల్లగున్నరంటరు" అంది కమిలి, మనవరాలి తల నిమురుతూ. "మీ తెలుపు గిట్లుంటదని ఎరుక లేకపాయె."

కోపం రావాల్సింది. రాలేదు. మూడు మంచాల అవతల కూర్చున్న అత్తకు కూడా ఆ మాట వినపడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా సిరి కళ్లు తెరిచి, చేతికి గుచ్చిన సూదిని చూసి ఏడ్చింది. నెలల తర్వాత విన్న ఏడుపు. వార్డు మొత్తం విసుక్కునేంత గట్టిగా ఏడ్చింది. నర్సు ఊరుకోబెట్టమంది. నేను ఊరుకోబెట్టలేదు.

మూడో రోజు పొద్దున అత్త మంచం పక్కన నేల మీద కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"శ్రీనుకంటె ముంగట నాకో పొల్ల ఉండె. గిట్లనే సప్పుడు లేకుంట పండుకునేది. పాలు లేక పోయిందన్నరు అందరు. గందుకే ఇంట్ల బర్రె లేకుంట నేనెన్నడు ఉండలె."

ఆ పిల్ల పోయింది పాలు లేక కాదేమో, ఇంకేదో లేక పోయిందేమో అనుకున్నాను. అనలేదు. నేను నోరు మూసుకున్న సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ. అది ఒకటి.

ఆగస్టు నుంచి అక్టోబరు: చెంచా

ఇంటికి వచ్చాక అసలు యుద్ధం మొదలైంది. డాక్టరమ్మ మళ్లీ అదే ఇనుము మందు రాసింది. ఈసారి ప్రతి మాటా నాచేత తిరిగి చెప్పించుకుంది. పాలలో కలపకూడదు, చాయ్ దగ్గరికి రానివ్వకూడదు, నిమ్మరసం నీళ్లతో ఇవ్వొచ్చు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. పాలు రోజుకు ఒకటి రెండు చిన్న గ్లాసులు మించొద్దు, సీసా అసలే వద్దు. బాగయిందని మధ్యలో మందు ఆపొద్దు. నేను చదివిన చదువులో అది ఎనిమిదో తరగతి అనుకోండి.

పాల సీసాను పొయ్యిలో వేశాను. పిల్ల నాలుగు రోజులు ఇల్లు పీకి పందిరి వేసింది. అత్త నన్ను చంపేలా చూసింది. చెంచాతో పెసరపప్పు, తోటకూర, గుడ్డు, బుధవారం మేక కాలేయం మెత్తగా నూరి పెడితే మొదటి వారం సగం నా చీర తిన్నది. సిరి ఉమ్మిన ప్రతిసారీ అత్త వంటింట్లోంచి, "పాలయితే తాగు" అనేది. ప్రతిసారీ నేను, "బర్రెనే తాగుమను" అనేదాన్ని.

పిండి కోసం సుగుణ టీచర్ దగ్గరికి వెళ్లక తప్పలేదు. తను రిజిస్టర్ రాస్తోంది. నన్ను చూసి తల ఎత్తకుండా పేజీ తిప్పింది. ఆ పేజీ అయ్యేదాకా నిలబెట్టింది. తర్వాత అడిగింది.

"బర్రె ఎట్లున్నది?"

"మంచిగున్నది టీచరమ్మా."

"పిండి దానికేనా?"

"కాదు."

ప్యాకెట్ బల్ల మీద పెట్టింది. "పిండి ఇచ్చుడు నా డ్యూటీ, తీస్కపో. నలుగురిల నన్ను నవ్వులపాలు చేసినవ్ గదా, మీటింగుల నలుగురిల నిజం చెప్పుడు నీ డ్యూటీ."

అలాగే అని వచ్చేయొచ్చు. కానీ నా నోరు నాది. "నేను నిజం అడిగిననాడు నువ్వు కూసోమన్నవ్."

"ఏం అడిగినవ్?"

"సబ్బుతోని మిరప మంట పోతదా అని."

టీచర్ పెన్ను ఆగింది. "గది పరాచకం గాదా?"

"కాదు."

"నువ్వు నవ్వినవ్ గద రజితా."

"నవ్విన."

 తను నన్ను క్షమించలేదు, నేను తనను క్షమించలేదు. ఇప్పటికీ అంతే. కానీ ఆ నెల మీటింగులో గోడ మీద బొద్దు పిల్లవాడి బొమ్మ లేదు. నన్ను ముందు నిలబెట్టింది.

"బాలామృతం బర్రెకు వెడుతున్నోళ్లు చేతులు లేపుండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు.

"కోళ్లకు?" ఒక చెయ్యి సగం లేచి చెవి గోక్కుంది.

"సరే, ఎవలి బర్రెల వీపులు మెరుస్తున్నయో వాళ్లు లేపుండి."

నవ్వు మొదలైంది. ఆ నవ్వులో చేతులు లేచాయి, నేను లెక్కపెట్టలేనన్ని. వెనక నుంచి ఎవరో అడిగారు. "గుడ్లు గూడ నీ మొగడే తిన్నడటగా?"

"సగం ఆయన. సగం నేను. నెత్తురు లేకపాయింది పొల్లకు."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అప్పుడు చెంచా తీసి చూపించాను. మిరప చేతుల ఆడవాళ్లంతా దాన్ని చూశారు. కొంతమంది తలలు దించుకున్నారు. వాళ్ల గూళ్లలో కూడా అట్టపెట్టెలున్నాయని నాకు తెలుసు. మిరప ఏరే రోజుల్లో చేలో నా దగ్గర పిండి లెక్క నేర్చుకున్న ఇద్దరు మీటింగు కాగానే, పిల్లల కనురెప్పలు చూపించడానికి టీచర్ చుట్టూ చేరారు. వాళ్లలో ఒకామె వెళ్తూ వెళ్తూ నన్ను, "నీ మాట వినుడే నాది తప్పు" అంది. సరిగ్గానే అంది.

దసరా వెళ్లిన వారంలో సిరి గోడ పట్టుకుని నిలబడింది. నాకలేదు. ఒక అడుగు వేసింది, కూలబడింది, గోడను తిట్టినట్టు ఏదో అంది, మళ్లీ లేచింది.

ఇప్పుడు

మళ్లీ మిరప మొదలైంది. పొద్దున నేను చేనుకు వెళితే, సిరికి చెంచాతో పెట్టేది అత్తే. మెతుకు మెతుకూ నలిపి చూసి మరీ పెడుతుంది. నా మీద కోపం తగ్గలేదు. పిండి తప్పాక బర్రె పాలు తగ్గాయని వారానికోసారి గుర్తు చేస్తుంది. నేను వారానికి రెండుసార్లు జవాబు చెబుతాను.

మొన్న ఆదివారం చిన్నత్త కొమురమ్మ మళ్లీ వచ్చింది. చాయ్ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుని, ఫోన్‌లో తన మనవరాలి ఫొటో అందరికీ చూపించింది. తొమ్మిది నెలల పిల్ల, మైనంలాంటి చెంపలు. తర్వాత, అత్త ముందు కూర్చుని తింటున్న సిరిని చూసి గ్లాసు దించింది.

"అయ్యో, గీ పొల్ల గింత నల్లవడ్డదేందే అక్కా? ఎండల తిప్పుతున్నరా? ఎంత తెల్లగుండె."

నేను నోరు తెరిచాను. నా కంటే ముందు అత్త మాట్లాడింది, చెంచా ఆపకుండానే.

"గది తెలుపు గాదు కొమురమ్మా, రోగం. నీ మనవరాలు గూడ ఫొటోల గట్లనే ఉన్నది. కనురెప్ప గుంజి సూసినవా?"

చిన్నత్త ఫోన్‌లోని ఫొటోను మళ్లీ చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. "ఎట్ల గుంజాలె?" అంది, గొంతు తగ్గించి.

అత్త చెంచా పక్కన పెట్టి, సిరి గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది కనురెప్పను మెల్లగా దించింది. లోపల ఎర్రగా ఉంది.

"గిట్ల. గింత ఎర్రగుండాలె."

తిండి మధ్యలో ఆపినందుకు సిరికి కోపం వచ్చింది. ఆ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికింది. అత్త మొహం నొప్పితో వంకర పోయింది గానీ వేలు తీయలేదు.

"కొరుకు బిడ్డా" అంది. "నా చేతికి మిరప లేదు."